మంచుకొండల్లో మావయ్య

ఇంజనీరింగు రెండో సంవత్సరంలో ఉండగా హాస్టల్లో మేం ఏడెనిమిది మందిమి ఆదివారం సాయంత్రాలు ఒక గదిలో చేరి పుస్తకాలు చదువుకునేవాళ్ళం. శ్రీశ్రీ, రావిశాస్త్రి, ఏది దొరికితే అది. నెల తిరక్కుండానే వార్డెన్ గారికి తెలిసింది. తిట్టలేదు పాపం. "మంచిదేనోయ్, పేర్లూ రోల్ నంబర్లూ రాసిచ్చి చేసుకోండి" అన్నారు, అంతే. తర్వాతి ఆదివారానికి ఇద్దరం మిగిలాం.

ఈ మధ్య పోలండు చరిత్ర చదువుతుంటే అక్కడా అదే లిస్టు ఎదురైంది. 1949 ఆగస్టులో అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం ఒక డిక్రీ తెచ్చింది. చర్చి సంఘాలు కూడా ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేసుకోవాలి, సభ్యుల పేర్లు ఇవ్వాలి. ఆ షరతులకు ఒప్పుకోలేక క్యాథలిక్ యువజన సంఘాలు మూతపడ్డాయి. ఫాదర్లు కుర్రాళ్ళని వెంటేసుకుని చర్చి గోడ దాటి ఎక్కడికైనా వెళ్ళడం నేరమైపోయింది. 1953 సెప్టెంబరులో ఏకంగా దేశంలోని పెద్ద మతగురువు కార్డినల్ విషిన్‌స్కీనే పట్టుకుపోయి మూడేళ్ళు నిర్బంధంలో ఉంచారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే క్రాకోవ్ నగరంలో సెయింట్ ఫ్లోరియన్ చర్చికి కొత్తగా ఒక కుర్ర ఫాదర్ వచ్చాడు. పేరు కరోల్ వొయ్‌తీవా. ఆయన దగ్గరకి చేరినవాళ్ళు చాలావరకు మనబోటి వాళ్ళే: ఇంజనీరింగు విద్యార్థులు, ఫిజిక్సు చదివేవాళ్ళు. మొదట పాటలు నేర్చుకునే చిన్న బృందం. తర్వాత కొండలెక్కడం మొదలుపెట్టారు.

1952 వసంతంలో క్రాకోవ్‌కి దక్షిణంగా వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న జకొపానె అనే కొండ ఊరికి రాత్రి రైల్లో వెళ్దామనుకున్నారు. అబ్బాయిలకి పరీక్షలొచ్చి ఆగిపోయారు. స్టేషనుకి వచ్చింది నలుగురైదుగురు అమ్మాయిలూ, ఫాదరూ. ఆయన అంగీ లేదు, మామూలు ప్యాంటూ చొక్కాలో ఉన్నాడు. రైలు నిండా జనం. అందరి ముందూ "ఫాదర్" అని పిలిస్తే కొంప మునుగుతుంది. మరేమని పిలవాలి? "వుయెక్" అన్నారు. అంటే అంకుల్.

ఇక్కడ చిన్న పిడకల వేట. పోలిష్‌లో తండ్రి తమ్ముడికి ఒక మాట, తల్లి తమ్ముడికి వేరే మాట ఉండేవి, అచ్చం మనకి బాబాయి, మావయ్య ఉన్నట్టే. వుయెక్ తల్లి వైపు మాట. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇది అంకుల్‌గా చప్పబడిపోయింది గానీ తెలుగులో మాత్రం చక్కగా "మావయ్య"! భయం లేకుండా ఏదైనా చెప్పుకోగలిగే మనిషి.

ఎండాకాలం కయాక్ పడవలు, చలికాలం స్కీలు. కొండవాళ్ళ చెక్క ఇళ్ళల్లో దిగేవాళ్ళు. పూజ ఎక్కడ వీలైతే అక్కడ. పడవల ప్రయాణంలోనైతే బోర్లించిన కయాకే బల్ల, తెడ్లు కట్టి చేసిందే శిలువ. దారిలో ఒక్కొక్కరూ వంతులవారీగా మావయ్య పక్కన చేరి కాసేపు మనసులో మాట చెప్పుకునేవాళ్ళు. ప్రేమ, ఉద్యోగం, దేవుడి మీద అనుమానాలు, అన్నీ. క్రిస్మస్ రోజుల్లో ఒపువాటెక్ అనే పల్చటి రొట్టె పలక తుంచి పంచుకుని, పాటలు పాడుకునేవాళ్ళు.

పైకి చూస్తే మంచులో ఆడుకోడానికొచ్చిన కుర్రకారు, వాళ్ళ మావయ్య. పేరు లేదు, రసీదు పుస్తకం లేదు, అధ్యక్షుడూ కార్యదర్శీ లేరు. లేని సంఘాన్ని రద్దు చెయ్యడం ఏ ప్రభుత్వం వల్లా కాదు కదా!

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. ప్రేమ, పెళ్ళి మీద ఆయన రాస్తున్న పుస్తకం చిత్తుప్రతిని 1957లో ఈ పిల్లల ముందు పెట్టి చర్చకిచ్చాడు. 1960లో "ప్రేమ, బాధ్యత" పేరుతో అచ్చయింది. అందులో వాదనలు చాలా నేను ఒప్పుకోను, కానీ జూనియర్ల చేత కోడ్ రివ్యూ చేయించుకునే సీనియర్లు మన ఆఫీసుల్లో ఎందరున్నారు చెప్పండి? ఆ బృందంలోని యెజీ చెషెల్‌స్కీ అనే సివిల్ ఇంజనీరు తర్వాత ప్రొఫెసరయ్యాడు. 1970లో సూడాన్‌లో పాఠాలు చెబుతూ నైలు నదిలో పడవ ప్రమాదంలో ఇద్దరు పిల్లలతో సహా పోయాడు.

1958లో కయాక్ యాత్ర మధ్యలో ఉండగానే మావయ్యకి వార్సా రమ్మని కబురొచ్చింది. బిషప్‌ని చేశారు, 38 ఏళ్ళకే. వెళ్ళి సంతకం పెట్టి మళ్ళీ పడవ దగ్గరకే వచ్చాడు. 1978లో పోప్ రెండో జాన్ పాల్ అయింది ఈయనే అని మీరు ఈపాటికి పోల్చుకునే ఉంటారు. పాత స్నేహితులకి అప్పుడూ వుయెకే.

ఒక మావయ్యతో పదీ ఇరవై మందిని నడపొచ్చు. వేలమందిని ఎలా? ఆ పని తలకెత్తుకున్నది ఫాదర్ ఫ్రాన్‌చిషెక్ బ్లహ్‌నిత్‌స్కీ. నాజీల కాలంలో ఆష్విట్జ్ చూసొచ్చిన మనిషి. క్రోషెంకో అనే కొండ ఊరు కేంద్రంగా "ఒయాసిస్" పేరుతో యువత శిబిరాలు పెట్టాడు. రెండు వారాలు కొండ ఇళ్ళల్లో కలిసి ఉండడం, చదవడం, నడవడం. ప్రభుత్వానికి ఈసారి మార్గం దొరికింది. పిల్లల జోలికి పోకుండా ఇళ్ళు అద్దెకిచ్చిన రైతుల మీద జరిమానాలు వేసింది! అయినా ఇళ్ళు ఇచ్చేవాళ్ళు ఇస్తూనే ఉన్నారట. 1972 ఆగస్టులో కార్డినల్ హోదాలో వొయ్‌తీవా స్వయంగా కొండెక్కి ఆ పిల్లల మధ్య పూజ చేశాడు.

1981 డిసెంబరులో పోలండులో సైనిక పాలన వచ్చినప్పుడు బ్లహ్‌నిత్‌స్కీ దేశం బయట ఉన్నాడు. మళ్ళీ తిరిగి రాలేదు. 1987 ఫిబ్రవరిలో పశ్చిమ జర్మనీలోని కార్ల్స్‌బెర్గ్‌లో హఠాత్తుగా చనిపోయాడు. సహజ మరణమే అనుకున్నారు. 2023లో పోలండు ప్రాసిక్యూటర్లు అది విషప్రయోగమని, హత్యేనని ప్రకటించారు.

మా హాస్టల్ గదిలో మిగిలిన ఆ రెండోవాడు ఇప్పుడు పూణేలో ఉన్నాడు. ఈ కథంతా మెయిల్లో రాసి పంపితే ఒక్క లైను జవాబిచ్చాడు. "మనం గదిలో కూర్చోవడమే తప్పురా, గుట్ట ఎక్కాల్సింది."