బోరు బండి రాకముందు: ఐరాల బావుల కథ

ఊర్లోకి బోరు బండి వస్తే ఏమవుతుంది? టెంకాయ కొడతారు, కర్పూరం వెలిగిస్తారు, ఇంక అందరి కళ్లూ ఆ పైపు మీదే. తెల్ల దుమ్ము లేస్తా ఉంటే గుండె దడ. బురద చిమ్మితే ప్రాణం లేచొస్తుంది. మరి ఈ బండి రాకముందు మన ఐరాల మండలంలో సేద్యానికి నీళ్లు యాడ నుంచి వచ్చేవి?

మన మండలంలోనే ఉన్న కాణిపాకం నుంచి మొదలుపెడదాం. ముగ్గురు అన్నదమ్ములు. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట రాదు, ఒకరికి వినపడదు. బావి నీళ్లతో సేద్యం చేసేవాళ్లు. బావి ఎండిపోతే ఇంకా లోతుకు తవ్వినారు, రాయి తగిలింది, ఆ రాయే వినాయకుడు. ఇది స్థలపురాణం. కానీ గమనించండి, కథ మొదలయ్యేదే బావి ఎండిపోవడంతో! అంటే నీళ్ల కష్టం ఈ నేలకు కొత్త కాదు.

తర్వాత కపిల కాలం. ఎద్దులు ఎంత లాగితే అన్నే నీళ్లు. రాత్రికి ఎద్దులు పడుకుంటే బావికీ రెస్టు, తెల్లారేసరికి ఊట ఊరేది. కరెంటు మోటారు వచ్చినాక ఆ రెస్టు పోయింది. బావులు ఎండినాయి. తమిళనాడు తిరుచెంగోడు బండ్లు దిగినాయి, బోర్లు మొదలైనాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. రైతుకు బిల్లు భారం తగ్గింది, నేల మీద భారం మాత్రం పెరిగింది.

కోనసీమలో నేల కింద పొరలు పొరలుగా రాయి ఉంది కాబట్టి ఓఎన్‌జీసీ వేల మీటర్లు తవ్వి గ్యాస్ తీస్తుంది. మన కింద ఉండేది గట్టి రాయి. నీళ్లు దాని పగుళ్లలోనే ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. 1000 అడుగులు వేసినా గ్యారంటీ లేదు, అడుగు లెక్కన డబ్బు మాత్రం కట్టాల్సిందే. బోరు ఫెయిలైతే నీళ్లు రావు, అప్పు మాత్రం మిగులుతుంది. నీళ్లు పడినా, అదే పగులు మీద ఉన్న పక్కాయన బోరు ఎండిపోవచ్చు.

మరి చట్టం ఏమంటుంది? 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం నీ నేల కింద నీళ్లు తోడుకునే హక్కు నీదే. 120 ఏళ్ల తర్వాత, 2002లో, వాల్టా చట్టం దానికి కళ్లెం వేసింది. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయకూడదు. బోరు బండ్లకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020లో వచ్చిన వైఎస్సార్ జలకళ ఉచిత బోర్లకు కూడా ముందు భూగర్భ జల సర్వే పెట్టినారు.

అందుకే ఇంట్లో బోరు మాట వస్తే రెండు ప్రశ్నలు మీరే అడగండి: సర్వే చేయించినామా? అనుమతి తీసుకున్నామా? బోరు మన చేలోనే ఉండొచ్చు, కింద నీళ్లకు మాత్రం గట్లు లేవు. మీ ఊర్లో ఇంకా ఊట ఊరే పాత బావి ఉంటే కామెంట్‌లో ఊరి పేరు రాయండి. మళ్లీ కలుద్దాం!