రెండుసార్లు కూలిన గ్రిపెన్

ఇంజిన్ ఆగలేదు. రెక్క విరగలేదు. కంప్యూటర్ తనకు రాసిపెట్టిన లెక్క తప్పకుండా చేసుకుపోయింది. అయినా స్వీడన్ ముచ్చటపడి కట్టుకున్న గ్రిపెన్ యుద్ధవిమానం తొలినాళ్లలో రెండుసార్లు కూలింది. రెండుసార్లూ నడిపినవాడు ఒక్కడే: లార్స్ రాడెస్ట్రోమ్.

సాబ్ కంపెనీ ఇంజనీర్లు ఆ విమానాన్ని కావాలనే నిలకడ లేనిదిగా కట్టారు. నిలకడ లేనిదే చురుగ్గా తిరుగుతుంది. విమానాన్ని తిప్పే కదిలే పలకలను కంప్యూటర్ క్షణక్షణం కదిలిస్తూ దాన్ని గాలిలో నిలబెడుతుంది. అయితే ఆ పలకలను తిప్పే హైడ్రాలిక్ యాక్చుయేటర్లు సెకనుకు ఇన్ని డిగ్రీలకు మించి కదలలేవు. పైలట్ అడిగే కదలికా, కంప్యూటర్ దిద్దుబాటూ ఆ హద్దులోంచే రావాలి, ఒకే బావిలో రెండు చేదలు వేసినట్టు.

1989 ఫిబ్రవరి 2న లిన్‌షాపింగ్‌లో ఆరోసారి ఎగిరి దిగుతుండగా గాలి విసురుకు ముక్కు పైకీ కిందకీ ఊగింది. విమానం రన్‌వే మీద పల్టీ కొట్టింది. రాడెస్ట్రోమ్ మోచెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది. సాఫ్ట్‌వేర్ దిద్దారు. ఏడాది దాటాక మళ్లీ ఎగిరారు.

1993 ఆగస్టు 8. స్టాక్‌హోం నీటి పండుగ. గట్ల మీదా వంతెనల మీదా కిక్కిరిసిన జనం. వైమానిక దళం చేతికి వచ్చి రెండు నెలలే అయిన విమానం నీళ్ల మీదుగా తక్కువ ఎత్తులో మలుపు తిరిగి సర్దుకుంటోంది. రాడెస్ట్రోమ్ నియంత్రణ కర్రను గట్టిగా, వేగంగా కదిపాడు. పలకలు తమ వేగపు హద్దును తాకాయి. పాత ఆజ్ఞ పూర్తికాకుండానే కొత్తది వచ్చిపడింది. విమానం బదులివ్వడం లేదనిపించి అతను ఇంకా గట్టిగా దిద్దబోయాడు. ఆలస్యంగా అందిన ప్రతి దిద్దుబాటూ ఊపును ఆపాల్సింది పోయి పెంచింది. కంప్యూటర్‌కు విమానాన్ని నిలబెట్టే వాటా మిగల్లేదు. అతను సీటుతో సహా బయటికి ఎగిరి పారాచూట్‌తో దిగాడు. విమానం లాంగ్‌హోల్మెన్ దీవి మీద పడి మండింది. అంత జనంలో ఎవరి ప్రాణమూ పోలేదు. అదృష్టమే, ఇంకో మాట లేదు.

ఇలాంటి కంప్యూటర్ లెక్కలు రాసే నియంత్రణ శాస్త్రంలో ఇప్పుడు ఫ్రాక్షనల్ ఆర్డర్ కంట్రోలర్ల మోజు నడుస్తోంది. ఒకటో రెండో కాక అర వంతు అవకలనంతో, గతాన్నంతా మోసుకుంటూ నడిచే లెక్కలవి. అందమైనవే, కాదనను. కానీ యాక్చుయేటర్ హద్దు తాకిన క్షణాన తీరని ఆజ్ఞల జ్ఞాపకం కూడా ఆ లెక్కలో పేరుకుంటుంది. అందుకే ఆ రంగంలో సిద్ధాంతం రాసేవాళ్లు హద్దును మొదటి పంక్తిలోనే పెట్టుకుంటే తప్ప నాకు నమ్మకం కుదరదు.

మళ్లీ గ్రిపెన్ దగ్గరికి వస్తే, నన్ను ఎక్కువగా కలచివేసేది స్టాక్‌హోం ప్రమాదంపై విచారణ నివేదికలోని సంగతి. కర్రను పెద్దగా, వేగంగా కదిపితే ఊపు అదుపు తప్పవచ్చని తయారీదారుకూ కొన్నవారికీ ముందే తెలుసు. అలా జరిగే అవకాశం బహు స్వల్పమనుకుని పైలట్లకు చెప్పలేదు. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఏర్పాటు చేశారు: పలక హద్దులో చిక్కుకుని ఉన్నా, ఆజ్ఞ దిశ మారగానే అదీ ఆలస్యం లేకుండా వెనక్కి తిరిగేలా.