వాకిట్లో కుర్చీ ఎవరిది?

నగల గురించి, చీరల గురించి చాలా చరిత్రలు వచ్చాయి. వాకిట్లో వేసుకునే మంచాలు, కుర్చీల గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇంటి బయట ఏం వేసి ఉండేదో, అది దేనితో చేసిందో తెలిస్తే చాలు, అక్కడ కూర్చునేవారెవరో, దాన్ని కడిగి తుడిచేవారెవరో చెప్పేయొచ్చని నా నమ్మకం.

కుర్చీల కంటే ముందు అరుగు ఉంది. వీధి గుమ్మానికి అటొకటి ఇటొకటి, మట్టితోనో రాతితోనో కట్టినవి. మట్టి అరుగుకి పేడతో అలుకు, పండగొస్తే సున్నం, ఎర్రమట్టి. అలికి ముగ్గు పెట్టేది ఆడవాళ్ళు. పొద్దెక్కాక దాని మీద చేరి కబుర్లు చెప్పుకునేది ఎక్కువగా మగవాళ్ళు. అన్ని ఇళ్ళలోనూ ఒకేలా ఉండేదని అనను. కూలిపనులకు వెళ్ళే ఇళ్ళలో సాయంత్రం ఆడవాళ్ళూ అరుగెక్కి కూర్చునేవారు. పరువు పట్టింపు పెరిగిన కొద్దీ ఆడవాళ్ళు గుమ్మం లోపలికి జరిగారు.

ఆరుబయట అసలైన సామానంటే నులక మంచమే. పట్టెలకీ కోళ్ళకీ తుమ్మ, వేప లాంటి గట్టి కర్ర. నులకకి జనుము, గోగు నార; కోనసీమ వైపైతే కొబ్బరి పీచు. అల్లికలోంచి గాలి ఆడుతుంది కాబట్టి ఎండాకాలం రాత్రుళ్ళు దానికి సాటి లేదు. కానీ దానికి చేయాల్సిన సేవ చూడండి. నార వానకి తడిస్తే బిగుసుకుంటుంది, ఆరాక వదులవుతుంది. కాళ్ళవైపు తాడు లాగి మళ్ళీ మళ్ళీ బిగించాలి. కర్ర అతుకుల్లో నల్లులు చేరతాయి. మంచం ఎండలో పడేసి, సందుల్లో సలసల కాగే నీళ్ళు పొయ్యాలి. నవారు మంచమైతే నవారంతా విప్పి, సోడా వేసి ఉడకబెట్టి, ఆరేసి, మళ్ళీ అల్లాలి. ఆ నీళ్ళు కాచిందెవరో మీకు చెప్పక్కర్లేదు. ఇంత చేసినా, మామగారు వీధిలోంచి వస్తున్నారంటే కోడలు ఆ మంచం మీంచి గబుక్కున లేవాల్సిందే. తెలంగాణ పల్లెల్లో దొర ఆ దారిన వెళ్తుంటే, తన ఇంటి ముందు తాను మంచం మీద కూర్చోవడం కూడా తప్పే అయిన రోజులున్నాయి.

తర్వాత తెల్లదొరల బంగళాల వరండాల్లోంచి పడక కుర్చీ మన ఇళ్ళకి వచ్చింది. టేకు చెక్క, పేము అల్లిక, లేదంటే మందపాటి గుడ్డ. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, చెదలు తొందరగా పట్టవు. పైన వేసే పాలిష్ మాత్రం లక్కని స్పిరిట్‌లో కరిగించి చేసింది. అద్దంలా మెరుస్తుంది గానీ నీటి చుక్క పడి నిలిచిందా, తెల్లటి మచ్చ. పేము ఎండకి పెళుసెక్కుతుంది, చెమ్మకి సాగుతుంది. అందుకే ఆ కుర్చీలు వరండా దాటి కిందికి దిగలేదు. పైగా ఇంటికి ఒకటో రెండో ఉండేవి, అవి పెద్దాయనవి. పాత పెళ్ళి ఫొటోలు ఉంటే తీసి చూడండి. చాలావాటిలో ఆయన కుర్చీలో కూర్చుని ఉంటారు, ఆవిడ పక్కన నిలబడి ఉంటుంది.

ఇనప మడత కుర్చీలు కూడా వచ్చాయి. రెడ్ ఆక్సైడ్ పూసి పైన రంగు వేస్తారు. ఆ రంగు పెచ్చు లేచిన చోట తుప్పు, ఆ తుప్పు మన తెల్లచీరకి. వైరు అల్లిన కుర్చీలు నాకిష్టం, ఎందుకంటే వైరు బుట్టలు అల్లిన చేతికి తెగిన కుర్చీ బాగుచేసుకోవడం పెద్ద పనేం కాదు.

అసలు మార్పు ప్లాస్టిక్ కుర్చీతో వచ్చింది. పాలీప్రొపిలీన్‌ని 1954లో ఇటలీలో జూలియో నట్టా తయారుచేశాడు. 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఒకే ముక్కగా పోతపోసిన కుర్చీ ఊహ అంతకుముందే, 1946లో, కెనడాలో డి.సి. సింప్సన్‌కి వచ్చింది. దాన్ని కారుచౌకగా, వేగంగా చేసే దారి చూపింది మాత్రం 1972లో ఫ్రాన్స్‌లో ఆన్రీ మాసొనే. కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులోకి ఒత్తిడితో ఎక్కిస్తే రెండు నిమిషాల్లోపే కుర్చీ బయటికొచ్చేది. రంగు ముద్దలోనే కలిసి ఉంటుంది. పాలిష్ లేదు, పెయింట్ లేదు, బిగించడం లేదు, ఉడకబెట్టడం లేదు. చంకలో పిల్లాడుండగా ఒంటిచేత్తో ఎత్తి నీడలో వేసుకోవచ్చు. ఒకదానిలో ఒకటి పేర్చి మూలన పెట్టొచ్చు. 1990ల తర్వాత మన ఊళ్ళలో అది లేని ఇల్లు అరుదైపోయింది.

దానికీ శత్రువు ఉంది, ఎండ. ఏళ్ళ తరబడి ఎండలో ఉంటే పైన పొడి రాలుతుంది, ఒకరోజు కాలు ఫట్‌మంటుంది. ఎండకి తట్టుకునే మందు కలపకుండా, సుద్దపొడి ఎక్కువ కలిపి చేసిన రకాలు ఇంకా తొందరగా పోతాయి. కొనేటప్పుడు తిరగేసి, త్రికోణంలో 5 అంకె ఉందేమో చూడండి, అది పాలీప్రొపిలీన్ గుర్తు. పారేసిన కుర్చీ మట్టిలో కలవదన్నది కూడా నిజమే.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో, ఊరి అందం చెడుతుందని, 2008 నుంచి 2017 దాకా బహిరంగ స్థలాల్లో ఈ కుర్చీల్ని నిషేధించారు. అదే తెల్ల కుర్చీకి సైకిల్ చక్రాల్లాంటివి బిగించి, నడవలేని పేదవాళ్ళకి చక్రాల కుర్చీగా పంచిన అమెరికా ఇంజనీరూ ఉన్నాడు. అందం సంగతి బాసెల్ వాళ్ళకే వదిలేస్తాను. ఇంట్లో ఒక్క కుర్చీ ఉన్నప్పుడు అది ఎవరిదన్న ప్రశ్నకి జవాబు ముందే తెలుసు. ఆరు కుర్చీలున్నాక అమ్మమ్మలు కూడా నేల మీంచి లేచి కూర్చున్నారు, మోకాళ్ళ నొప్పుల పుణ్యమా అని కొంత.

అయితే కుర్చీలు చవకైనంత మాత్రాన అందరికీ దక్కవు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో ఆడవాళ్ళకి మూడోవంతు స్థానాలిచ్చింది. 2020లో తమిళనాడు కడలూరు జిల్లా తెర్కు తిట్టైలో, పంచాయతీ అధ్యక్షురాలైన దళిత మహిళని సమావేశంలో నేల మీద కూర్చోబెట్టారు. మిగతా సభ్యులు కుర్చీల్లో ఉన్నారు.

మా అత్తయ్యగారు ఇప్పటికీ మామయ్యగారి అన్నగారు గేటు తీస్తే చాలు, లేచి నిలబడతారు, పక్కన మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నా. మా అమ్మాయి వెనకనుంచి ఒకటి జరిపి, "కూర్చో నానమ్మా, పెదతాతకి ఇంకోటి తెస్తాను" అంటుంది.