ఒక ఊరి యుద్ధకాలం: మార్సెల్ ఒఫుల్స్ చరిత్ర చిత్రాలు

యానాం తెలుగువారికి రెండో ప్రపంచయుద్ధం ఫ్రాన్సు ద్వారా కూడా వచ్చింది. 1940 జూన్‌లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోగా, విషీ పట్టణం కేంద్రంగా ఏర్పడిన మార్షల్ పేతాన్ ప్రభుత్వం జర్మన్లతో సహకరించింది. పుదుచ్చేరి గవర్నరు లూయీ బోన్వాఁ మాత్రం ఆ సెప్టెంబరులో డిగాల్ పక్షం చేరాడు. ఆయన పాలనలోని యానాం కూడా ఆ పక్షానిదే అయింది. మరి ఫ్రాన్సులోని సామాన్యులు ఏ పక్షం వహించారు? దేశమంతా శత్రువును ఎదిరించిందన్నదే యుద్ధానంతరం అక్కడ బలంగా ప్రచారమైన మాట. ఆ మాటను పరీక్షకు పెట్టిన టెలివిజన్ చరిత్రకారుడు మార్సెల్ ఒఫుల్స్‌ను ఇక్కడ పరిచయం చేస్తున్నాం.

ఒఫుల్స్ 1927లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. తండ్రి ప్రసిద్ధ చలనచిత్ర దర్శకుడు మాక్స్ ఒఫుల్స్. తండ్రి యూదుడు కావడంతో ఆ కుటుంబం 1933లో ఫ్రాన్సుకూ, 1941లో అమెరికాకూ తరలిపోవలసి వచ్చింది. తర్వాత ఫ్రాన్సుకు తిరిగి వచ్చిన ఒఫుల్స్ అక్కడి ప్రభుత్వ టెలివిజన్‌లో పనిచేశాడు. 1968 సమ్మె కారణంగా ఆ కొలువు పోయింది. జర్మన్, స్విస్ టెలివిజన్ సంస్థల తోడ్పాటుతో 1969లో 'ల షగ్రాన్ ఎ లా పితియే' పూర్తిచేశాడు. 'దుఃఖమూ జాలీ' అని ఆ పేరుకు అర్థం.

నాలుగు గంటలకు పైగా సాగే ఈ చిత్రానికి కేంద్రం విషీకి చేరువలోని క్లెర్మోన్-ఫెరాన్ అనే ఒకే ఒక పట్టణం. ప్రతిఘటనలో పాల్గొన్న రైతులు, అక్కడ కాపలా ఉన్న జర్మన్ అధికారి, హిట్లర్ సేనలో చేరిన ఫ్రెంచి యువకుడు, అందరూ ఇందులో మాట్లాడతారు. తాను యూదుడు కానని ఆ రోజుల్లో పత్రికలో ప్రకటన వేయించుకున్న దుకాణదారును ఒఫుల్స్ ఆ ప్రకటన గురించే అడుగుతాడు. తనను శత్రువుకు పట్టిచ్చినదెవరో తెలిసి కూడా, నిర్బంధ శిబిరం నుంచి తిరిగి వచ్చాక పగ తీర్చుకోని రైతూ కనిపిస్తాడు. మనిషి చెప్పిన మాటనూ ఆనాటి వార్తాచిత్రాన్నీ పక్కపక్కన నిలపడమే ఈ చిత్రం పద్ధతి. తీర్పు ప్రేక్షకుడిదే. ఐతే స్త్రీల మాట ఇందులో చాలా తక్కువన్న విమర్శ సమంజసమే.

1971లో పారిస్ సినిమాహాలులో విడుదలైనా, ఫ్రెంచి టెలివిజన్ దీనిని 1981 దాకా ప్రసారం చేయలేదు. నాజీ అధికారి క్లాస్ బార్బీపై 1988లో తీసిన 'హోటల్ టెర్మినస్' ఆస్కార్ బహుమతి పొందింది. ఒఫుల్స్ 2025లో మరణించాడు.

చిన్న ఊరి జ్ఞాపకం కూడా చరిత్రకు ఆధారమేనని ఈ చిత్రం చెబుతోంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు యానాం పొరుగునున్న కాకినాడపై బాంబులు వేశాయి. అదే ఏడాది బర్మా నుంచి ఎందరో తెలుగువారు కాలినడకన తరలివచ్చారు. ఆ తరంలో మిగిలినవారు ఇప్పుడు అతి కొద్దిమందే. వారి పిల్లలు విన్న మాటలూ, పెట్టెల్లోని ఉత్తరాలూ ఇంకా ఉన్నాయి. విద్యార్థులు ముందు మాటను రాసుకోవాలి, తర్వాత కాగితంతో సరిచూడాలి. రెండూ కలవని చోట తొందరపడి ఒకదాన్ని కొట్టివేయరాదని మా మనవి. అసలు ప్రశ్న మొదలయ్యేది అక్కడే.