మహమ్మారి నీడలో మాలే పోటీలు: 2021 శాఫ్ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్

దక్షిణాసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఆధ్వర్యంలో పురుషుల జాతీయ జట్ల మధ్య జరిగే పోటీకి శాఫ్ ఛాంపియన్‌షిప్ అని పేరు. 1993లో లాహోరులో సార్క్ గోల్డ్ కప్ పేరిట ఆరంభమైన ఈ పోటీల పరంపరలో పదమూడవది 2021 అక్టోబరు 1 నుండి 16 వరకు మాల్దీవుల రాజధాని మాలే నగరంలో జరిగింది. కోవిడ్ మహమ్మారి వల్ల ఒక సంవత్సరం ఆలస్యమై, ఆతిథ్య దేశం మారి, ఐదు జట్లకే పరిమితమైన ఈ పోటీలో భారతదేశం నేపాల్‌ను 3–0 తేడాతో ఓడించి ఎనిమిదవ పర్యాయం విజేతగా నిలిచింది.

వాయిదా, వేదిక మార్పు

ఈ పోటీలు తొలి నిర్ణయం ప్రకారం 2020 సెప్టెంబరులో బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో జరుగవలసి ఉండెను. ఆ సంవత్సరం మార్చి నాటికే దక్షిణాసియా దేశాలన్నీ సరిహద్దులు మూసివేసి, విమాన ప్రయాణాలు నిలిపివేయడంతో పోటీలను 2021కి వాయిదా వేశారు. తరువాతి సంవత్సరం కూడా వ్యాధి ఉద్ధృతి తగ్గకపోవడంతో బంగ్లాదేశ్ ఆతిథ్యం నుండి తప్పుకొన్నది. అప్పుడు మాల్దీవులు ముందుకు వచ్చింది.

దాదాపు ఐదు లక్షల జనాభా గల ఈ ద్వీప దేశానికి పర్యాటకమే జీవనాధారం. అందువల్ల 2020 జూలైలోనే విదేశీ యాత్రికులకు ద్వారాలు తెరచి, పరీక్షలు, నిబంధనల నడుమ రాకపోకలను నడిపిన అనుభవం దానికి ఉన్నది. ఆ నిబంధనల విషయంలో ఆ దేశం ఎంత కఠినంగా వ్యవహరించిందో తెలిపే ఉదంతం 2021 మే నెలలో జరిగింది. ఏ.ఎఫ్.సి. కప్ పోటీ కొరకు మాలే చేరిన బెంగుళూరు జట్టులో కొందరు కోవిడ్ నియమాలను ఉల్లంఘించినట్లు వెల్లడి కావడంతో ఆ జట్టు ఆట ఆడకుండానే వెనుదిరగవలసి వచ్చింది. వాయిదా పడిన ఆ పోటీలు ఆగస్టులో అదే నగరంలో జరిగాయి. మరి రెండు నెలలకు శాఫ్ జట్లు అక్కడికి చేరాయి.

ఐదు జట్లే ఎందుకు?

సమాఖ్యలో ఏడు సభ్య దేశాలు ఉండగా రెండు పాల్గొనలేదు. కోవిడ్ కారణంగా తమ ప్రభుత్వం విధించిన ప్రయాణ నిబంధనల వల్ల భూటాన్ తప్పుకొన్నది. పాకిస్తాన్ గైర్హాజరుకు కారణం వేరు. ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘ నిర్వహణలో బయటివారి జోక్యం మితిమీరిందని 2021 ఏప్రిల్‌లో ఫిఫా దానిని సస్పెండ్ చేసింది. మిగిలిన భారత్, నేపాల్, మాల్దీవులు, బంగ్లాదేశ్, శ్రీలంక ఒకే వర్గంగా ఏర్పడి, ప్రతి జట్టు మిగిలిన నాలుగింటితో ఒక్కొక్కసారి ఆడేటట్లు, మొదటి రెండు స్థానాల జట్లు ఫైనల్‌కు చేరేటట్లు ఏర్పాటు జరిగింది. మాలేలోని జాతీయ ఫుట్‌బాల్ స్టేడియమే ఆటలన్నింటికీ వేదిక. జట్లు ఊరూరా తిరిగే అవసరం లేకపోవడం ఆనాటి పరిస్థితులలో పెద్ద వెసులుబాటు.

తడబడిన భారత్

అంతకు ముందు ఏడు పర్యాయాలు గెలిచిన భారత్‌ను అందరూ విజేతగానే ఊహించారు. ఆట అట్లు సాగలేదు. అక్టోబరు 4న బంగ్లాదేశ్‌పై సారథి సునీల్ ఛెత్రి తొలి అర్ధభాగంలోనే గోల్ సాధించినా, రెండవ అర్ధభాగంలో రెడ్ కార్డు వల్ల పదిమందితో మిగిలిన ప్రత్యర్థి 74వ నిమిషంలో స్కోరు సమం చేసింది. మూడు రోజుల తరువాత ఫిఫా పట్టికలో 205వ స్థానంలో ఉన్న శ్రీలంకపై భారత్ ఒక్క గోల్ కూడా చేయలేక 0–0తో సరిపెట్టుకొన్నది. శిక్షకుడు ఇగోర్ స్టిమాచ్‌పై విమర్శలు వెల్లువెత్తాయి.

మరొక వైపు నేపాల్ మాల్దీవులను 1–0తోను, శ్రీలంకను 3–2తోను ఓడించి అగ్రస్థానంలో నిలిచింది. అక్టోబరు 10న ఆ నేపాల్‌తోనే భారత్ తలపడింది. ఆట ముగియడానికి పది నిమిషాల లోపు సమయం ఉండగా ఛెత్రి చేసిన ఏకైక గోల్ భారత్ ఆశలను నిలిపింది. అది అతని 77వ అంతర్జాతీయ గోల్. బ్రెజిల్ దిగ్గజం పెలే సాధించిన సంఖ్యతో అది సమానం.

నిర్ణయాత్మక దినం

లీగ్ దశకు చివరి రోజైన అక్టోబరు 13న నాలుగు జట్లకు ఫైనల్ అవకాశం మిగిలి ఉన్నది. మొదటి ఆటలో బంగ్లాదేశ్ గెలిచి తీరవలసి ఉండగా నేపాల్‌కు డ్రా చాలును. తొమ్మిదవ నిమిషంలోనే గోల్ చేసిన బంగ్లాదేశ్ చాలాసేపు ఆధిక్యం నిలుపుకొన్నది. చివరి ఘట్టంలో దాని గోల్‌కీపర్ రెడ్ కార్డుకు గురయ్యాడు. 88వ నిమిషంలో లభించిన పెనాల్టీని అంజన్ బిస్తా గోల్‌గా మలచడంతో ఆట 1–1గా ముగిసింది. ఆ పెనాల్టీపై బంగ్లాదేశ్ శిబిరం తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేసింది. ఈ పోటీల చరిత్రలో నేపాల్ ఫైనల్‌కు చేరడం అదే ప్రథమం.

ఆ రాత్రి జరిగిన రెండవ ఆటలో మాల్దీవులకు డ్రా సరిపోతుంది. భారత్‌కు గెలుపు తప్ప మార్గం లేదు. మన్‌వీర్ సింగ్ గోల్‌తో భారత్ ముందంజ వేయగా, విరామానికి ముందు అలీ అష్ఫాక్ పెనాల్టీతో స్కోరు సమం చేశాడు. 62, 71 నిమిషాలలో ఛెత్రి రెండు గోల్స్ సాధించి 3–1 విజయాన్ని అందించాడు. ఈ ఆటలో స్టిమాచ్ రెడ్ కార్డుకు గురై ఫైనల్ నాడు జట్టు పక్కన నిలిచే అర్హత కోల్పోయాడు.

లీగ్ దశ ముగిసేసరికి భారత్ 8, నేపాల్ 7, మాల్దీవులు 6, బంగ్లాదేశ్ 5, శ్రీలంక 1 పాయింట్లు పొందాయి. మొదటి నాలుగు జట్ల మధ్య ఒక్కొక్క పాయింటు మాత్రమే తేడా.

ఫైనల్

అక్టోబరు 16న జరిగిన ఫైనల్ తొలి అర్ధభాగం గోల్ లేకుండానే ముగిసింది. విరామానంతరం 49వ నిమిషంలో ప్రీతమ్ కోటాల్ పంపిన బంతిని ఛెత్రి తలతో గోల్‌లోకి నెట్టాడు. మరుసటి నిమిషంలోనే హైదరాబాద్ ఎఫ్.సి. ఆటగాడు మహమ్మద్ యాసిర్ అందించిన బంతితో సురేశ్ సింగ్ వాంగ్‌జామ్ రెండవ గోల్ చేశాడు. ఆట ముగిసే వేళ సహల్ అబ్దుల్ సమద్ మూడవ గోల్ సాధించాడు. ఛెత్రి అంతర్జాతీయ గోల్స్ సంఖ్య 80కి చేరి, ఆనాటికి అర్జెంటీనా ఆటగాడు లియోనెల్ మెస్సీ సంఖ్యతో సమమైనది. ఐదు గోల్స్‌తో ఈ పోటీలలో అత్యధిక గోల్స్ చేసినవాడు కూడా అతడే.

సికింద్రాబాదులో పుట్టిన సారథి

సునీల్ ఛెత్రి 1984 ఆగస్టు 3న సికింద్రాబాదులో జన్మించాడు. తండ్రి భారత సైన్యంలో ఉద్యోగి. కుటుంబానిది నేపాలీ మూలం. తల్లి, ఆమె కవల సోదరి ఇరువురూ నేపాల్ మహిళా జట్టుకు ఆడినవారు. తల్లి ఏ దేశపు జట్టులో ఆడెనో ఆ దేశంపైనే కుమారుడు రెండు పర్యాయాలు కీలకమైన గోల్ చేయవలసి రావడం ఈ పోటీల విశేషాలలో ఒకటి. ఒక భాష, ఒక కుటుంబం సరిహద్దుకు ఇరువైపులా విస్తరించడం దక్షిణాసియాలో సర్వసాధారణమే. 2021 మార్చిలో ఛెత్రి స్వయంగా కోవిడ్ బారిన పడి జట్టుకు దూరమైన సంగతి కూడా ఇక్కడ స్మరణీయం.

1951, 1962 ఆసియా క్రీడలలో భారత్‌కు స్వర్ణ పతకాలు అందించిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడు. 1962 జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాదువాడు. ఆ ఊరి పేరు భారత ఫుట్‌బాల్ చరిత్రలో పలుమార్లు వినిపించడానికి ఇవి నిదర్శనాలు.

తదనంతరం

తరువాతి శాఫ్ పోటీలు 2023 జూన్, జూలై నెలలలో బెంగుళూరు శ్రీ కంఠీరవ స్టేడియంలో జరిగాయి. కువైట్, లెబనాన్ అతిథి జట్లుగా వచ్చాయి. సస్పెన్షన్ తొలగిన పాకిస్తాన్, మాలేకు రాలేకపోయిన భూటాన్ తిరిగి పాల్గొన్నాయి. ఫైనల్‌లో భారత్ కువైట్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి తొమ్మిదవ పర్యాయం విజేత అయినది. మాలేలో ఐదు జట్లతో నిలబెట్టిన పోటీ రెండేళ్లు తిరగకముందే ఎనిమిది జట్లకు విస్తరించింది. 2021లో మరొకసారి వాయిదా వేయకుండా ఒక చిన్న దేశం ఆ బాధ్యతను స్వీకరించడం అందుకు తోడ్పడింది.