హైదరాబాదు సమస్య: అంతర్జాతీయ సిద్ధాంతములకు ఒక పరీక్ష

పెబ్బేరు నుండి దక్షిణముగా సాగి కృష్ణను, పిదప తుంగభద్రను దాటినచో కర్నూలు వచ్చును. 1948లో తుంగభద్ర ఆవలి గట్టు మద్రాసు రాష్ట్రము. ఈవలి గట్టు నైజాము రాజ్యము. అది రెండు దేశముల సరిహద్దా, లేక ఒకే దేశములోని యొక యేఱా? అంతర్జాతీయ సంబంధముల శాస్త్రమునకు క్రొత్తయగు విద్యార్థి తొలిప్రశ్నకై దూరదేశముల వెదకనక్కఱలేదు.

సార్వభౌమత్వము అవిభాజ్యమని పాఠ్యగ్రంథములు చెప్పును. ఈ సీమలో అది మూడంతస్తులుగా నుండెను. తొలుత సూగూరు పేర వెలసిన వనపర్తి సంస్థానమువారు నైజామునకు పేష్కషు చెల్లించిరి. నైజాము 1798 సంధితో ఆంగ్లేయుల సైన్యముపై ఆధారపడెను. బ్రిటిషు కిరీటముతో ఆయనకు సమానత్వము లేదని 1926లో వైస్రాయి రీడింగు ప్రభువు లేఖ వ్రాసి తేల్చెను. శిస్తు కట్టిన రైతు నభిప్రాయ మడిగినవారు మాత్రము ఏ యంతస్తునందును లేరు.

1947 ఆగస్టు 15తో బ్రిటిషు సర్వాధిపత్యము తొలగెను. తాను స్వతంత్రుడనని నైజాము వాదించెను. నవంబరు 29న కుదిరిన యథాతథ ఒడంబడిక ఏడాదియైనను నిలువలేదు. 1948 ఆగస్టు 21న హైదరాబాదు భద్రతామండలికి ఫిర్యాదు పంపెను. సమితిలో సభ్యత్వము లేని రాజ్యము సైతము తన వివాదమును మండలికి తెలుపవచ్చునను ఛార్టరు 35వ అధికరణము దానికి ఆధారము. అసలు హైదరాబాదు అట్టి రాజ్యమే కాదని భారతదేశము పక్షమున రామస్వామి మొదలియారు వాదించిరి. సెప్టెంబరు 16న పారిసులో మండలి సమావేశమగునప్పటికి భారతసైన్యములు ప్రవేశించి మూడు దినములైనది. మఱునాడు నైజాము లొంగిపోయెను; పిమ్మట ఫిర్యాదును ఉపసంహరించుకొనెను. హైదరాబాదు రాజ్యమా కాదా యను ప్రశ్నకు మండలి తీర్పు చెప్పనేలేదు.

ఆ సంవత్సరమే అమెరికాలో హాన్స్ మార్గెంథా గ్రంథము ‘పాలిటిక్స్ అమాంగ్ నేషన్స్’ వెలువడెను. రాజ్యముల నడవడికి బలమే మూలమని యతని వాదము. హైదరాబాదు ఉదంతము దానికి అచ్చముగా సరిపోయినట్లు తోచును, కాని తొందరపడరాదు. బలమే సర్వమైనచో, మేజరు జనరలు చౌదరి నడపిన సైనికచర్యకు ‘పోలీసు చర్య’ యను పేరేల? పోలీసులు చర్య తీసికొనునది స్వదేశముననే గదా! ఆ పేరులోనే భారతదేశపు వాదమంతయు ఇమిడియున్నది. ‘దురాక్రమణ’ యన్నచో నైజాము వాదము నొప్పుకొన్నట్లే. బలవంతునకు సైతము న్యాయభాష అక్కఱకు వచ్చెనన్నమాట.

ఈ రెండు వాదములందును ప్రజలు కానరారు. ఏ సిద్ధాంతమైనను ఎవరి అక్కఱ తీర్చుచున్నదో విచారింపవలెనని 1981లో రాబర్టు కాక్సు వాదించెను. ఆ ప్రశ్న నిచ్చట వేసి చూడవలెను. ‘ఆక్రమణ’ యను మాటతో తృప్తి చెందినవానికి రజాకార్ల దౌర్జన్యము కానరాదు. ‘విమోచనము’తో తృప్తి చెందినవానికి పిమ్మట జరిగిన ముస్లిముల హత్యలు కానరావు, మృతులు 27,000 నుండి 40,000 వఱకు ఉందురని పండిత సుందరలాల్ సంఘము అంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రజలకు అందలేదు. సైన్యము వచ్చిన పిదపకూడ తెలంగాణ రైతుల సాయుధపోరాటము 1951 వఱకు ఏల సాగెనో రెండు మాటలును చెప్పవు.

పేరుల తగవు నేటికిని తీఱలేదు. 2022 సెప్టెంబరు 17న హైదరాబాదులో కేంద్రప్రభుత్వము ‘విమోచన దినోత్సవము’ను, రాష్ట్రప్రభుత్వము ‘జాతీయ సమైక్యతా దినోత్సవము’ను జరిపెను. 2024లో అదే దినమును రాష్ట్రప్రభుత్వము ‘ప్రజాపాలన దినోత్సవ’మని పిలిచెను.