ఖుర్సీపార్ నుంచి కళింగ తీరానికి

భిలాయి ఉక్కునగరంలోని ఖుర్సీపార్ వీధుల్లో తెలుగు వినిపిస్తే కొత్తవారు ఆశ్చర్యపోవచ్చు. అది అధికంగా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వలస వచ్చిన శ్రామిక కుటుంబాల తెలుగు. సెలవులకు పెద్దలు ‘ఊరు’ వెళతారు. వారి మనుమలు స్నేహితులను వెంటబెట్టుకుని వెళ్లేది మాత్రం సముద్రతీరం చూడడానికి. గమ్యం ఒకటే అయినా ప్రయాణం స్వభావం మారింది.

ఈ రాకపోకలకు ఆధారమైన రాయపూర్–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయింది. మధ్యపరగణాల సరుకును సముద్రానికి చేర్చడం దాని ప్రధానోద్దేశం. 1933లో విశాఖపట్నం నౌకాశ్రయం ప్రారంభమైంది. మనుషులు ఆ పట్టాల మీద ఎదురుదిశలో తరలిపోతారని నిర్మాతలు ఊహించి ఉండరు. అప్పటికి తీరగ్రామాల వారికి వలస అంటే రంగూన్. కళింగపట్నం, భీమునిపట్నం వంటి రేవుల్లో ఆగే స్టీమర్లు కూలీలను బర్మాకు చేర్చేవి. 1930 మే నెలలో రంగూన్‌లో తెలుగు రేవు కూలీలపై దాడులు జరిగాయి. 1942లో జపాన్ సేనల ఆక్రమణతో ఆ దారి మూసుకుపోయింది. అటుపైన 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. తరతరాలుగా సముద్రం వైపు చూసిన పల్లెలు ఇలా దేశం నడిబొడ్డుకు ముఖం తిప్పాయి.

రాయపూర్, మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ దాటాక పార్వతీపురం వస్తుంది. స్టేషను పలకపై తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. హిందీ మాధ్యమంలో చదివిన ఖుర్సీపార్ యువకుడు వాటి పక్కనున్న నాగరిలిపిలో ఊరి పేరు చదువుకుని, స్నేహితులకు ఆ ఊరి సంగతి తెలుగులోనే చెప్పగలడు. మాట మిగిలింది, లిపి జారిపోతోంది.

బొబ్బిలిలో దిగి రాజాం మీదుగా శ్రీకాకుళం చేరితే అరసవల్లి సూర్యదేవాలయం, రెండు ధ్వజస్తంభాల శ్రీకూర్మం దగ్గరే. యాత్రికులు సాధారణంగా వీటితో తృప్తిపడి నేరుగా కళింగపట్నం వెళతారు. వంశధార దక్షిణపు గట్టున, కొండమీది శాలిహుండాన్ని చూడకుండా వెళ్లడం నష్టమే. ఇటుకలతో కట్టిన స్తూపాలు, చైత్యాల శిథిలాలు, తార, మారీచి మూర్తులు అక్కడ శతాబ్దాల బౌద్ధజీవనానికి సాక్ష్యాలు. కొండపై నుంచి చూస్తే నది సముద్రం వైపు సాగిపోవడం కనిపిస్తుంది. ఈ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు రామమూర్తి. జనం నోటి తెలుగుకు గ్రంథాల్లో స్థానం కోసం పోరాడిన ఆయన పుట్టినది కూడా ఈ వంశధార పరిసరాల్లోనే. గ్రంథం అందని చోట నోటి తెలుగు ఒక్కటే నిలిచిన ఖుర్సీపార్ తరం ఆయన కొండ ఎక్కడం యాదృచ్ఛికమే అయినా గమనార్హం.

కళింగపట్నంలో దీపస్తంభం, ఇసుకతిన్నెలు, చేపల పడవలు ఉన్నాయి. నాటి ఓడరేవు సందడి లేదు. రైలుమార్గాలు, విశాఖ నౌకాశ్రయం చిన్న రేవుల వ్యాపారాన్ని లాగేసుకున్నాయి. స్నేహితుల కెమెరాలకు అదొక ప్రశాంతమైన తీరం. ముత్తాతల కాలంలో కుటుంబాలు ఏడుస్తూ ఓడ ఎక్కించిన చోటు. సొంత ఊళ్లో ఇల్లు మిగలని వారు ఇప్పుడు పట్టణంలోని లాడ్జీలో బస చేస్తారు. తిరుగు రైల్లో మాత్రం పలాస జీడిపప్పు, ఎండుచేపల పొట్లాలు ఇరుగుపొరుగుల లెక్కన సంచుల్లో సర్దుకునే ఉంటాయి.